లహరి కనెక్షన్ తెగిపోవడానికి కారణం

జగ్గయ్యపేట,
ఎన్టీఆర్ జిల్లా.

నందిగామ సబ్ డివిజన్ పోలీసు అధికారి గారి సముఖమునకు,

జగ్గయ్యపేట వాస్తవ్యురాలు, అనిల్‌కుమార్ భార్య, ఒక ప్రైవేటు కంపెనీలో కంప్యూటర్ హెల్ప్‌డెస్క్ ఉద్యోగిని అయిన సాయిప్రియ సమర్పించుకొను అర్జీ.

విషయం: నందిగామలో శ్రీమతి లహరిని ఆమె భర్త భవానీప్రసాద్ గదిలో బంధించి, కొట్టి, మెడకు తీగ బిగించి చంపబోవుట గురించి, సదరు వ్యక్తి నాపై ఇచ్చిన ఫిర్యాదులో ‘హ్యాకింగ్’ అని రాయించుట గురించి, లహరి ఫిర్యాదు ఇంతవరకు నమోదు కాకపోవుట గురించి.

అయ్యా,

1. నేను హైదరాబాదులోని ఒక బీమా క్లెయిముల కంపెనీకి జగ్గయ్యపేటలోని మా ఇంటి నుంచే పని చేయుచున్నాను. కంపెనీ ఉద్యోగులలో చాలామంది ఇళ్ళ నుంచే పని చేస్తారు. వారి కంప్యూటర్లు ఆఫీసుకు కలవకపోతే కలిపించడం నా ఉద్యోగం. ఇది కాస్త వివరంగా మనవి చేయవలసి ఉన్నది. ఎందుకంటే నాపై వచ్చిన ఫిర్యాదు అంతా ఈ పని చుట్టూనే తిరుగుతున్నది. ఇంట్లోని ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు దాకా కంపెనీ వేసుకున్న తాళం గల దారిని వీపీఎన్ అంటారు. ఆ దారిన వెళ్ళి ఆఫీసులో ఉన్న కంప్యూటర్ తెరను ఇంట్లో తెరిచి పని చేసుకోవడాన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. అది కుదరనప్పుడు ఉద్యోగి నన్ను పిలిచి, అనుమతి బటన్ నొక్కితేనే ఆ తెర నాకు కనిపిస్తుంది. నొక్కకపోతే నేను చూడలేను. లహరి తన చేత్తో తనే నొక్కింది. దీనిని హ్యాకింగ్ అనరు.

2. లహరి అదే కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగిని. మేము ఒకరినొకరం ఎన్నడూ చూసుకోలేదు. నాకు ఆమె గొంతు మాత్రమే తెలుసు. భర్త భవానీప్రసాద్‌కు నందిగామలో ఎరువులు, పురుగుమందుల హోల్‌సేల్ దుకాణం ఉన్నది. ఇంటి కింది భాగంలో అత్తగారు రత్తమ్మ గారు, పై అంతస్తులో వీరిద్దరు ఉంటారు. ‘రిమోట్ డెస్క్‌టాప్ తెగిపోతోంది’ అని లహరి నుంచి మాటిమాటికీ ఫిర్యాదు వచ్చేది. నేను చేయవలసినవన్నీ చేశాను. వీపీఎన్ తీసేసి మళ్ళీ వేశాను. వైఫై మాన్పించి రౌటరు నుంచి నేరుగా తీగ పెట్టించాను. ఇంటి రౌటరూ ఆఫీసు నెట్‌వర్కూ ఒకే వరుస ఐపీ నంబర్లు వాడుతుంటే దారి తప్పుతుంది కనుక ఇంటి నంబర్లు మార్పించాను. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ తెగిపోయేది.

ఇందులో ఒక సంగతి నాకు వింతగా తోచింది. లైను పోతే రౌటరు వెలుగుతూనే ఉంటుంది, వైఫై పేరు కనిపిస్తూనే ఉంటుంది, నెట్టు మాత్రం రాదు. లహరి ఇంట్లో వైఫై పేరే మాయమయ్యేది. అంటే రౌటరుకే కరెంటు ఆగిపోతోంది.

“మీకు కరెంటు పోతోందాండి?” అని అడిగాను.

“లేదండి. ఫ్యాను తిరుగుతానే ఉంది.”

“మరి రౌటరు ప్లగ్గు ఎవరన్నా పీకుతున్నారా?”

లైను మళ్ళీ తెగిందేమోనని తెర మీద చూసుకున్నాను, తెగలేదు.

“మా వారండి,” అంది. “నేను మీటింగులో మాట్లాడేటప్పుడు పీకేస్తారు. పని చెయ్యలేకపోతే వాళ్ళే తీసేస్తారు గదా అంటారు. ఇదేం రాయకండి మేడం, మీకు దండం పెడతా.”

రాయలేదు. ఆ రోజు నుంచి ఆమె ఫిర్యాదులు వేరెవరికీ పోనీయకుండా నేనే తీసుకున్నాను.

3. ఆ తరువాత అతను ఆమె ఫోను లాక్కున్నాడు. వీపీఎన్‌లోకి వెళ్ళాలంటే ఫోనుకు ఒక కోడ్ వస్తుంది. ఫోను భర్త జేబులో, భర్త దుకాణంలో. కోడ్ చెప్పమని ఆమె దుకాణానికి కబురు పెడితే అతను కోడ్ చెప్పలేదు. ఇంటికి వచ్చి చెంప మీద కొట్టాడు. ఎడమ చెవి వినపడక హెడ్‌ఫోను కుడి చెవికి మార్చుకున్నానని లహరి ల్యాప్‌టాప్ కాల్‌లో నాతో నవ్వుతూ చెప్పింది. అప్పటికి మా మధ్య మేడం పోయి అక్క వచ్చింది.

“పోలీసులకి చెప్పమ్మా. నేను తోడొస్తా,” అన్నాను.

“చెబితే పెనుగంచిప్రోలు పోయి మా నాన్నని నరుకుతాడంట అక్కా. నాన్న ఒక్కడే ఉంటాడు ఆ ఇంట్లో. అన్నంత పనీ చేస్తాడు, నీకు తెలీదు.”

వారం తిరగక ముందే రౌటరుకు బయటి నుంచి నెట్టు వచ్చే తీగను కత్తెరతో ముక్కలుగా కోసేశాడు.

4. సంఘటన జరిగిన రోజు మధ్యాహ్నం లహరి పక్కింటి వాళ్ళ వైఫై పాస్‌వర్డ్ అడిగి తెచ్చుకొని, దాని మీద ల్యాప్‌టాప్ నుంచే నన్ను పిలిచింది. కోడ్ ఫోనుకు రాకుండా వేరే విధంగా వచ్చేటట్టు మార్చడానికి నేను మా మేనేజరు అనుమతి తీసుకున్నాను. ఆమె తెర నా తెర మీద ఉన్నది. మధ్యలో ఆమె మాట ఆపేసింది. తెర మీద నోట్‌ప్యాడ్ తెరుచుకొని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పడ్డాయి. ‘అక్కా మాట్లాడకు. మెట్లెక్కుతున్నాడు.’

నేను నా మైకు మూసేశాను. ఆమె మైకు తెరిచే ఉన్నది. తలుపు చప్పుడు విన్నాను.

“ఎవరితోనే?”

“ఆఫీసు వాళ్ళండి.”

“తీగ కోసినా నడుస్తందా నీకు? ఎవడి నెట్టే ఇది? ఎవడి గుమ్మం ముందు నిలబడి అడుక్కొచ్చావ్?”

కుర్చీ పడిన చప్పుడు. దెబ్బ. ఇంకో దెబ్బ. బల్లకు ఏదో బరువుగా తగిలిన చప్పుడు. అంతలో నోట్‌ప్యాడ్‌లో ఒకే అక్షరం పడటం మొదలైంది. ఆగకుండా పడుతూనే ఉంది. వరుస నిండి కింది వరుసలోకి, ఆ వరుస నిండి మరో దానిలోకి. ఎవరూ టైపు చేయడం లేదు. కీబోర్డు మీద ఆమె ముఖం పెట్టి అదిమాడు. ఆ అక్షరాలు ఎప్పుడు ఆగుతాయోనని చూస్తూ కూర్చున్నాను. ఆగితే ఏమైనట్టో కూడా తెలియక కూర్చున్నాను. తరువాత తెర నల్లబడి, ‘తిరిగి కలుపుటకు ప్రయత్నించుచున్నది’ అని వచ్చింది.

నేను అరిచిన అరుపుకు మా అత్తగారు సత్యనారాయణమ్మ గారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. నా భర్త అప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నారు. పోలీసు నంబరుకు ఫోను చేస్తే వెంటనే తీసి, నందిగామ నుంచి బండి పంపుతామన్నారు. అందుకు ఈ అర్జీ ద్వారా కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాను.

“వాళ్ళొచ్చేది వాళ్ళొస్తారు,” అన్నది మా అత్తయ్య. “మనం కూర్చుని ఏం చేస్తాం? లే. ఫ్రాన్సిస్‌ని ఆటో తియ్యమను.”

లహరికి కంపెనీ ల్యాప్‌టాప్ పంపిన చిరునామా నా దగ్గర ఉన్నది. అది నా సొంతానికి వాడకూడదు. వాడాను. మా వీధి చివర ఉండే ఫ్రాన్సిస్ చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక లారీల పక్క నుంచి ఆటోను ఎలా నడిపాడో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

5. మేము చేరేసరికి కింద రత్తమ్మ గారు టీవీ చూస్తున్నారు. పైనుంచి లహరి గొంతు వినిపిస్తోంది. మనిషి గొంతులా లేదు.

“భార్యాభర్తల యవ్వారం అమ్మా,” అన్నారు రత్తమ్మ గారు. “పొద్దుగూకేసరికి వాళ్ళే మాట్లాడుకుంటారు. మధ్యలో మీరెవరు?”

“పైన పిల్ల చస్తా ఉంటే సౌండు పెంచుకుని కూర్చున్నావా నువ్వు?” అని మా అత్తయ్య ఆమెను పక్కకు నెట్టి మెట్లెక్కింది.

పై గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఫ్రాన్సిస్ భుజంతో గుద్దాడు. ఊడలేదు. ఎదురు గోడ దాకా వెనక్కి వెళ్ళి మళ్ళీ గుద్దితే గడియ ఊడి పడింది.

అయ్యా, ఇక్కడి నుంచి సదరు, మరియు అని రాయడం నా వల్ల కావడం లేదు. మా అత్తయ్య పక్కనే కూర్చుని, “జరిగింది జరిగినట్టు రాయి, అలంకారాలొద్దు,” అంటోంది.

లహరిని నేను మొదటిసారి అప్పుడే చూశాను. పై పెదవి చీలిపోయి ఉంది. కీబోర్డు నిండా రక్తం, అందులో ఒక పన్ను. అతను కోసేసిన తీగలో ఒక ముక్కతో కుడి మణికట్టును బల్ల కాలికి కట్టాడు. ఎడమ చెయ్యి టైపు చేయడానికి వదిలాడు. రెండో ముక్క ఆమె మెడ చుట్టూ ఉంది. దాని రెండు కొసలూ అతని పిడికిట్లో ఉన్నాయి. ఉద్యోగానికి రాజీనామా మెయిలు ఆఫీసుకు పంపమని అడుగుతున్నాడు. ఆఫీసు మెయిలు రిమోట్ డెస్క్‌టాప్‌లో తప్ప తెరుచుకోదు. రిమోట్ డెస్క్‌టాప్ వీపీఎన్ లేనిదే రాదు. వీపీఎన్‌కు నెట్టు కావాలి. ఆ నెట్టు ఇచ్చే రౌటరును అతనే గోడకేసి కొట్టాడు. పక్కింటి వాళ్ళ మీదికి అరిచి వాళ్ళ వైఫై కూడా ఆపించాడు. ‘కనెక్ట్ కాలేదు’ అని తెర మీద వచ్చినప్పుడల్లా, కావాలనే పంపడం లేదంటూ మెడ చుట్టూ తీగ బిగిస్తున్నాడు.

మమ్మల్ని చూసి, “ఎవరే మీరు?” అన్నాడు.

“లహరి ఆఫీసండి. హెల్ప్‌డెస్క్.” ఆ మాట అలవాటుగా నా నోట్లోంచి వచ్చేసింది.

అతని ముఖం వెలిగిపోయింది. నిజంగా సంతోషించాడు. “హెల్ప్‌డెస్కా? రావే అయితే. కలుపు. రాజీనామా పంపించి పోతావ్.”

“రౌటరు లేకుండా కలవదండి,” అన్నాను.

ఒక ఆడపిల్ల మెడకు తీగ వేసి లాగుతున్నవాడిని నేను ‘అండి’ అన్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

“కలవదా?” అని రెండు చేతులతో లాగాడు. లహరి కాళ్ళు నేలకు కొట్టుకున్నాయి. మా అత్తయ్య చేతిలో ప్రయాణానికి తెచ్చుకున్న స్టీలు నీళ్ళ సీసా ఉంది. దానితో అతని తల మీద కొట్టింది. అతను తీగ వదిలి, మా అత్తయ్య చెయ్యి పట్టుకొని మెలితిప్పి గోడకేసి విసిరాడు. ఎముక విరిగిన చప్పుడు మేమందరం విన్నాము. ఫ్రాన్సిస్ మీదికి పోతే కుర్చీతో నుదుటి మీద కొట్టాడు. రక్తం కళ్ళల్లోకి కారి ఫ్రాన్సిస్ తడుముకుంటూ కూలబడ్డాడు. తరువాత నా జుట్టు పట్టుకొని నా తలను ఇనుప బీరువాకేసి బాదాడు. చంపేస్తానని అరుస్తూ బాదాడు. చంపేవాడే.

అప్పుడు నేను బల్ల కింద ఉన్న యూపీఎస్ బ్యాటరీ పెట్టె ఎత్తి అతని ముఖం మీద కొట్టాను. దవడ విరిగింది. అతను పడిపోయాడు. పోలీసు బండి వచ్చిన శబ్దం కింద వినిపించింది.

6. మమ్మల్నందరినీ ఆసుపత్రికి చేర్చారు. భవానీప్రసాద్ మంచం మీద నుంచే బంధువుల చేత ఫిర్యాదు రాయించాడు. సాయిప్రియ అనే మనిషి తన ఇంటి కంప్యూటర్‌ను హ్యాక్ చేసి, మనుషులను వెంటబెట్టుకొచ్చి, తలుపు పగలగొట్టి, తనను ఇనుప పెట్టెతో కొట్టి, భార్యను ఎత్తుకుపోయిందని అందులో ఉన్నది. ఆ ఫిర్యాదు నమోదయింది.

లహరిని తీసుకొని నేను కూడా స్టేషనుకు వెళ్ళాను. ఏ స్టేషనో, బల్ల దగ్గర ఉన్నది ఎవరో, ఇక్కడ రాయను. తమరు అడిగినప్పుడు ఎదుట నిలబడి చెబుతాను. ఆయన మంచిగానే మాట్లాడారు.

“ఏమ్మా, ఆయన ఊళ్ళో పరువున్న మనిషి. దవడ విరిగింది ఆయనకి. నీకు కమిలిందంతే. పెద్దమనుషుల్లో కూర్చుని సర్దుకోండి.”

లహరి నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ చుట్టూ తీగ ఒరుసుకున్న చోట చర్మం ఊడిపోయి, గొంతు లోపల వాచిపోయి ఉంది. ఉమ్మి మింగలేకపోతోంది.

“చెప్పమ్మా, నోరు తెరిచి చెప్తేనే గదా రాసుకునేది.”

“గొంతు నులిమాడండి, అందుకే మాట రావట్లేదు,” అన్నాను నేను.

“నువ్వు ముద్దాయివి. నువ్వు మాట్లాడకూడదు,” అన్నారు.

తిరిగి వచ్చేశాము.

7. నా కంపెనీ, చిరునామా వాడినందుకు నన్ను పనిలోంచి ఆపివేసింది. అది తమరి పరిధిలోని విషయం కాదు. తెలియజేయుట మాత్రమే.

8. లహరి ఇప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఉన్నది. ఆమె తండ్రిని కూడా పెనుగంచిప్రోలు నుంచి తెచ్చుకున్నాము. భవానీప్రసాద్ తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, పిల్లను పంపితే సాయిప్రియ మీద కేసు తీసేయిస్తామన్నారు. నా భర్త వారికి కుర్చీలు వేశారు. మా అత్తయ్య కట్టు కట్టిన చేత్తో ఆ కుర్చీలు మళ్ళీ లోపల పెట్టించింది.

“దవడ అతుక్కుంటే మళ్ళీ మెడకి తీగేస్తాడు,” అన్నది. “అప్పుడు మీరొచ్చి ఊడదీస్తారా? నడవండి.”

వారు వెళ్ళిన మర్నాడు, అతని దగ్గరే ఉన్న లహరి ఫోను నుంచి నాకు మెసేజీ వచ్చింది. ‘మీ ఇంటి మంచినీళ్ళ ట్యాంకు ఎక్కడుందో చూసొచ్చారు మావాళ్ళు. నా కొట్లో మందు డబ్బాలకి కొదవ లేదు.’ అప్పటి నుంచి నా భర్త డ్యూటీకి వెళ్ళడం మానేసి మేడ మీద ట్యాంకు దగ్గర కూర్చుంటున్నారు. దారిన ఎవరు ఆగినా కర్ర తీసుకుని దిగుతున్నారు. మొన్న గ్యాస్ బండ తెచ్చినతన్ని కొట్టబోయారు. ఈ ఇంట్లో అందరమూ కొట్టడానికి సిద్ధంగా తయారయ్యాము. మేము ఇలాంటి మనుషులం కాదు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా: లహరి ఫిర్యాదును ఆమె రాసి ఇచ్చినా స్వీకరించి, హత్యాయత్నంగా నమోదు చేయించగలరు. ఆసుపత్రి వారి గాయాల కాగితం తెప్పించుకొని చూడగలరు. ఆమె ఫోను, చదువు సర్టిఫికెట్లు అతని ఇంట్లోంచి ఇప్పించగలరు. అతను మా ఇంటి ఛాయలకు, ఆమె తండ్రి ఇంటి ఛాయలకు రాకుండా కట్టడి చేయగలరు. నేను కొట్టినందుకు నాపై విచారణ చేయండి, తప్పించుకోను. హ్యాకింగ్ అన్న మాట మాత్రం తీయించండి. ఆ పని నేను చేయలేదు.

తమరు ఈ మనవిని పూర్తిగా చదివి చిత్తగించవలెనని, చదివిన రోజే మా వైపు ఒక మనిషిని పంపవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
సాయిప్రియ

సాక్షులు: సత్యనారాయణమ్మ (ఎడమ చేతి సంతకం), ఫ్రాన్సిస్

తా.క.

అయ్యా, నేను లహరిని. అక్క సంతకం పెట్టి కాగితాలు ఇక్కడ వదిలి, చెయ్యి విరిగిన వాళ్ళత్తగారికి అన్నం కలిపి పెట్టడానికి లోపలికెళ్ళింది. నేను మొత్తం చదివా. అంతా నిజమే, ఒక్కచోట తప్ప.

ఆయన దవడ విరగ్గొట్టింది అక్క కాదు. అక్క జుట్టు ఆయన చేతిలో ఉంది, తల బీరువాకి కొట్టుకుంటా ఉంది. వంగి పెట్టె ఎట్లా ఎత్తుద్ది? మెడ మీద తీగ వదలగానే నేను బల్లని భుజంతో లేపి, దాని కాలికి కట్టిన తీగని కిందనుంచి లాగేసుకున్నా. యూపీఎస్ రెండు చేతులతో ఎత్తి కొట్టా. మొదటి దెబ్బకి ఆయన నా వైపు తిరిగి చూశాడు. ఎవరు కొట్టారో చూసుకున్నాక రెండోది కొట్టా. దవడ విరిగింది రెండో దెబ్బకే.

ఫిర్యాదులో సాయిప్రియక్క పేరు రాయించాడు ఆయన. పెళ్ళాం చేతిలో దెబ్బ తిన్నానని రాయించుకోవడానికి నామోషీ. నా మీదకి కేసు రాకుండా ఉంటుందని అక్క కూడా అవునంది. నాకప్పుడు మాట రాక ఊరుకున్నా.

అక్క ఇప్పుడే వచ్చి ఇది చూసింది. ఈ కాగితం చింపేసి వేరేది రాస్తానని లాక్కోబోయింది. నేను ఇవ్వలా. “పిచ్చిదానా, లోపలేస్తారే,” అని ఏడుస్తోంది. ఏడవనీ. తలకి కుట్లు వేయించుకుంది నా కోసం. ముద్దాయి అనిపించుకుంది. ఇంక చాలు.

ఆ రెండు దెబ్బలూ నావి. నా మీదే కేసు రాయండి. ‘నన్ను నా భార్య లహరి కొట్టింది’ అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి, ఆయనకి చదివి వినిపించి, కింద ఆయన చేత సంతకం పెట్టించండి.